బెల్టు మీద రాసిన బరువు

జులై 6

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు! ఆ హాస్టల్లో మీకు అన్నం పెడుతున్నారా, కాగితాలు పెడుతున్నారా? ఈ ఏడాదంతా ఫోన్ వద్దని, ఉత్తరాలే రాసుకుందామని, ఫోన్‌లో మాటలు గాలికి పోతాయని, కాగితం మీదవి నిలుస్తాయని రాశావు. సరే, అలాగే కానీ. ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క వాక్యమైనా పూర్తి చెయ్యనిస్తే కదా దాని మీద నాకు ప్రేమ ఉండడానికి. ఇక్కడైతే ఎంతసేపైనా వాగుతాను, నువ్వు నోరు మూసుకుని చదవాల్సిందే.

షెడ్డులో కింద వాళ్లకి ఉక్కపోత, పైన కేబిన్‌లో నాకు కొలిమి. నలభై ఆరు మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కి కూర్చున్నానంటే మళ్లీ భోజనాల గంటకే దిగడం. తొమ్మిదేళ్లయింది, క్రేను మీద ఇంకా విసుగు పుట్టలేదు. పది టన్నుల ఇనుప రేకు చుట్టని గొలుసులకి తగిలిస్తే, పొయ్యి మీద పాలగిన్నె దించినంత నెమ్మదిగా లారీలో దించుతాను. కింద బాబాయ్ ఉంటాడు. మనకి చుట్టం కాదు గానీ నాకు పని నేర్పిన మనిషి. ఆ రొదలో మాట వినపడదు కాబట్టి చేత్తో సైగలు చేస్తాడు. అరచెయ్యి కిందికి ఊపితే దించమని, వేలు తిప్పితే ఎత్తమని, పిడికిలి బిగిస్తే ఆపమని. రోజుకి ఎనిమిది గంటలు కబుర్లాడుకుంటాం, ఒక్క మాట లేకుండా.

అసలు సంగతి వేరే ఉంది. కొత్తగా భద్రతాధికారి వచ్చాడు. మనిషి సన్నం, గొంతు లావు. నిచ్చెన ఎక్కేటప్పుడు మేం కట్టుకునే బెల్టు పట్టుకుని, దాని మీద కుట్టిన చీటీని అందరి ముందూ పైకి చదివాడు. "వంద కిలోల వరకే." జనవరిలో పైకెక్కే ప్రతి మనిషినీ బూట్లతో, హెల్మెట్‌తో, పనిముట్ల సంచితో సహా తూస్తాడట. నేను ఉత్త కాళ్లతో తొంభై ఏడు. సామాను కలిపితే నూట రెండు. వంద దాటితే గేటు దగ్గర లారీలకి చీటీలు రాసే బల్లే గతి.

నవ్వకు. కింద నేను లావుపాటి ఆవిడని. పైన మాత్రం అందరూ "పైనావిడ" అంటారు. కింద ఉన్నవాళ్లకి నా తల, నా చెయ్యి తప్ప ఏమీ కనపడవు. ఆ కేబిన్ పోతే నాకు ఇంకేం మిగలదు.

ఆరేళ్ల కిందట గొంతులో గడ్డ తీయించుకున్న దగ్గర్నుంచీ ఈ ఒళ్లు నా మాట వినడం మానేసింది. రోజూ పొద్దున్నే తెల్ల మాత్ర మింగుతూనే ఉన్నాను, నీళ్లు తాగినా లావెక్కుతూనే ఉన్నాను. నువ్వు చదివేది పోషకాహారమే కదా. అమ్మ లేని ఇంట్లో నీకు అన్నం కలిపి పెట్టిన దానికి ఇప్పుడు తిండి సంగతి నువ్వు నేర్పు.

నీ లావుపాటి
అక్క

జులై 15

నా పైనావిడకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "మనిషి సన్నం, గొంతు లావు" అన్న చోట ఎంత నవ్వానంటే నా గది స్నేహితురాలు నాకేదో అయిందనుకుంది. అక్కా, నీకు మాటలు ఎక్కడ దొరుకుతాయి? నేను ఒక నోటుబుక్కులో రోజుకో కొత్త మాట రాసుకుంటున్నాను. ఈ వారం మాట "సమతుల్యం". నోట్లో వేసుకుంటే చల్లగా ఉండే మాట.

ఆ మాట నాకు ఇచ్చింది గింజలమ్మ. మా కాలేజీ ఆవిడ కాదు. శనివారాలు హాస్టలు వెనక హాల్లో ఆడవాళ్లకి తరగతులు చెబుతుంది. ఎప్పుడూ చేతిలో గింజల డబ్బా ఉంటుందని మేం పెట్టిన పేరు. ఆడవాళ్లు లావెక్కేది తిండి వల్ల మాత్రమే కాదట, లోపల హార్మోన్లు తూకం తప్పడం వల్ల కూడానట. ఆ తూకం సరిచేస్తే బరువు దానంతట అదే దిగుతుందట. నెలసరి మొదలైన రోజు నుంచి పదిహేను రోజులు అవిసె గింజలు, గుమ్మడి గింజలు. తర్వాతి పదిహేను రోజులు నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. రోజుకి రెండేసి చెంచాలు, పొడి చేసుకుని. పంచదార పూర్తిగా బంద్. పది గంటలకల్లా నిద్ర. భోజనం కాగానే ఇరవై నిమిషాలు నడక.

నీ కోసం విడిగా ఒక కాగితం మీద గళ్లు గీసి పంపుతున్నాను, గోడకి అంటించు. అక్కా, నాకు ఎప్పుడూ అన్నీ నువ్వే ఇచ్చావు. నీకు ఇవ్వడానికి నా దగ్గర మొదటిసారి ఏదో ఉంది. సరిగ్గా చెయ్యి, ఎగ్గొట్టకు.

నోటుబుక్కు నిండా నిన్నే రాసుకునే
పిచ్చుక

జులై 30

బుల్లి డాక్టరమ్మ గారికి,

మీ పేషెంటు బుద్ధిగానే ఉంది. గళ్ల కాగితం స్నానాల గది తలుపుకి అంటించాను. గింజల పొడి డబ్బాతో షెడ్డుకి వెళితే బాబాయ్ చూసి, "ఏంటి తల్లీ, కోళ్లని పెంచుతున్నావా?" అన్నాడు. ఆ మాటంటూనే రెండు చెంచాలు నోట్లో వేసుకున్నాడు. మర్నాడు అడిగాను, "ఎలా ఉంది బాబాయ్, హార్మోన్లు సర్దుకున్నాయా?" అని. "నిన్నటి నుంచీ మా ఆవిడ మాట వినాలనిపిస్తోందమ్మా" అన్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు.

చక్కెర మానడం మాత్రం చాలా కష్టంగా ఉంది. మొదటి నాలుగు రోజులు తలనొప్పి, ఆ తర్వాత అందరి మీదా కోపం. పదో రోజు తూకం చూస్తే తొంభై అయిదు! రెండు కిలోలు తగ్గాను పిచ్చుకా. ఇంకో కిలో తగ్గితే చాలు, సామానుతో కలిపి తొంభై తొమ్మిది. నిచ్చెన మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా పైదాకా ఎక్కాను.

ఒక సందేహం. మీ గింజలమ్మ హార్మోన్లని గింజలతో సరిచేస్తానంటోంది. నేను పొద్దున్నే వేసుకునే మాత్ర కూడా హార్మోనే అన్నాడు అప్పట్లో ఆపరేషన్ చేసిన డాక్టరు. జీవితాంతం వేసుకోమన్నాడు. రెండింటికీ గొడవ రాదు కదా? అడిగి చెప్పు. ఆస్పత్రికి వెళ్లి రక్తం పరీక్ష చేయించుకుని రెండేళ్లు దాటింది, వెళ్లాలంటే ఒక రోజు షిఫ్టు వదలాలి. డాక్టరు ఇంట్లోనే ఉండగా బయటికెందుకు?

రెండు కిలోల తేలికతో
అక్క

ఆగస్టు 12

నా తొంభై అయిదు కిలోల బంగారానికి,

గది తలుపు వేసుకుని గెంతాను! నీ సందేహం చాలా మంచి సందేహం. శనివారం తరగతిలో లేచి నిలబడి అడిగాను. "హార్మోను మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటూ ఉంటే ఒంటికి ఏమవుతుంది?" అని. గింజలమ్మ చెప్పిన మాట నోటుబుక్కులో అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. "బయటి నుంచి పోస్తూ ఉంటే లోపలి గ్రంథి సోమరి అయిపోతుంది."

ఆ తర్వాత రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. అక్కా, పెరట్లో బావి ఉందనుకో. వీధిలోంచి ఎవరో రోజూ నీళ్లు తెచ్చి గుమ్మంలో పోసి వెళుతున్నారు. బావి దగ్గరికి ఎవరు వెళతారు? చేద తుప్పు పడుతుంది, తాడు చివుకుతుంది. ఊట మాత్రం లోపల అలాగే ఉంటుంది, ఎవరూ తోడక. నీ గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఆ బావి. ఆరేళ్లుగా నువ్వు దాన్ని తోడలేదు. అందుకే ఒళ్లు నీ మాట వినడం లేదు.

నాకు అప్పుడు పదమూడేళ్లు. నీ మెడకి తెల్ల కట్టు, నువ్వు మాట్లాడలేక పలక మీద "అన్నం తిన్నావా" అని రాసి చూపించడం అంతా గుర్తుంది. గడ్డ తీసేశారు. గడ్డ పోయిందిగా, ఇంకా మాత్ర ఎందుకు? ఒకసారి ఆపి చూడు. ముందు కొంచెం బద్ధకంగా అనిపిస్తుంది. సోమరిని నిద్ర లేపితే విసుక్కోదూ? ఓపిక పట్టు. నీ ఒంట్లోనే ఉన్న మందుని నీ ఒంటికి గుర్తు చేద్దాం.

నమ్మకంగా
నీ పిచ్చుక

ఆగస్టు 25

పిచ్చుకా,

నీ బావి ఉత్తరం బాబాయ్‌కి చదివి వినిపించాను. భోజనం బల్ల దగ్గర చేతిలో ముద్ద అలాగే పట్టుకుని విన్నాడు. "బాగా రాసింది" అన్నాడు. ముద్ద కంచంలో పెట్టేసి, "డాక్టర్ని ఒక మాట అడగకూడదా తల్లీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "బాబాయ్, మా చెల్లి చదువుతోంది. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది అదొక్కతే. దాని మాట మీద నాకు నమ్మకం లేకపోతే ఇంకెవరి మీద పెట్టను?" అన్నాను. ఆయన మంచినీళ్లు తాగి లేచిపోయాడు. మర్నాడు మామూలే.

ఇరవయ్యో తారీకు నుంచి మాత్ర మానేశాను. డబ్బా బీరువా పైన పెట్టాను, చేతికందకుండా. అయిదు రోజులు అయింది. ఏమీ తేడా లేదు! ఇన్నాళ్లూ ఊరికే మింగానన్నమాట. పొద్దున్నే లేవగానే మాత్ర కోసం కాకుండా కిటికీ తీయడం కోసం మంచం దిగుతుంటే అదో స్వేచ్ఛలా ఉంది.

నీకు పదమూడేళ్లప్పుడు పలక మీద నేను రాసింది నీకింకా గుర్తుందా? తిన్నావా మరి? ఇప్పుడు తింటున్నావా?

అక్క

సెప్టెంబరు 10

అక్కా, అక్కా, అక్కా,

"కిటికీ తీయడం కోసం మంచం దిగుతుంటే." ఈ ఒక్క ముక్క నాకు వారం రోజులు సరిపోయింది. మా గోడపత్రికకి వ్యాసం రాస్తున్నాను. పేరు "మా అక్క బావి". నీ పేరు రాయను, భయపడకు. తొంభై ఏడు, తొంభై అయిదు అని నీ అంకెలు మాత్రం రాస్తాను. ప్రతి నెలా కొత్త అంకె పంపు, కింద చేరుస్తూ ఉంటాను. అందరూ నిన్ను చూస్తారు అక్కా, గోడ మీద మెట్టు మెట్టుగా దిగుతూ ఉంటే.

నాకు ఇక్కడ మార్కులు అంతంత మాత్రం. రసాయనశాస్త్రం కొరుకుడు పడడం లేదు. నువ్వు తగ్గుతున్నావన్నదే నాకు ధైర్యం. నాకు ఏదో ఒకటి వచ్చన్నమాట అనిపిస్తుంది.

అంకె కోసం ఎదురుచూస్తూ
పిచ్చుక

సెప్టెంబరు 28

పిచ్చుకా,

ఆలస్యమైంది. రాద్దామని కూర్చుంటాను, నిద్ర ముంచుకొస్తుంది. తొమ్మిదికే పడుకుంటున్నాను, పొద్దున లేవలేకపోతున్నాను. నువ్వు చెప్పినట్టే బద్ధకం.

చలి ఇంకా రాలేదంటారు అందరూ. నాకు మాత్రం కేబిన్‌లో స్వెట్టరు కావలసి వస్తోంది. ముఖం పొద్దున్నే ఉబ్బి ఉంటోంది, సాయంత్రానికి కాస్త తగ్గుతుంది. గొంతు బొంగురుపోయింది. బాబాయ్ నన్ను "ఏమోయ్ తమ్ముడూ" అని పిలుస్తున్నాడు.

అంకె అడిగావు. తొంభై మూడు.

గింజలు తింటున్నాను. పంచదార లేదు.

అక్క

అక్టోబరు 9

తొంభై మూడుకి జేజేలు!

ఈ అంకె గోడ మీద ఎర్ర సిరాతో రాశాను. నా వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది, ఒక పెన్ను. ఆ పెన్నుతోనే ఈ ఉత్తరం.

నువ్వు చెప్పినవన్నీ మంచి గుర్తులే. కొవ్వు కరుగుతుంటే చలి వేస్తుంది, దుప్పటి తీసేసినట్టు కదా. నిద్ర అంటే లోపల మరమ్మతు జరుగుతోందని. ఉబ్బు అంటే చెడు నీరు బయటికి పోయే దారి వెతుక్కుంటోందని. గొంతు బొంగురు మాత్రం పంచదార లేకుండా టీ వేడివేడిగా తాగుతుంటావు, దాని వల్ల.

ఇంకో సంగతి. అక్కా, నీ రాత మారింది. ముందంతా గలగలా పారేదానివి. ఈ ఉత్తరంలో ఒక్క మాట ఎక్కువ లేదు. "గింజలు తింటున్నాను. పంచదార లేదు." నేను నెల రోజులు కూర్చున్నా ఇంత పొదుపుగా రాయలేను. మంచి రచన అంటే తీసేయడమే అని మా మాస్టారు అంటారు. నీ ఒళ్లు, నీ వాక్యం రెండూ ఒకేసారి సన్నబడుతున్నాయి!

అసూయతో
పిచ్చుక

అక్టోబరు 30

పిచ్చుకా

చలి. పని జరుగుతోంది. తొంభై ఒకటి.

ఏదో రాయాలనుకున్నాను. గుర్తు రావడం లేదు.

అక్క

నవంబరు 14

నా కవయిత్రికి,

"ఏదో రాయాలనుకున్నాను. గుర్తు రావడం లేదు." ఇంతకన్నా గొప్ప ఉత్తరం నాకు ఎవరూ రాయలేదు. తరగతిలో చదివి వినిపిస్తే ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది.

తొంభై ఒకటి! సామానుతో కలిపితే తొంభై ఆరు. జనవరి దాకా ఎందుకు, ఇప్పుడే ఆ సన్నపాటి మనిషి ముందు త్రాసు ఎక్కేయవచ్చు. పని దుస్తులు వదులైపోయి ఉంటాయి, కుట్టించుకో.

ఒక్కటి మాత్రం. నీ అక్షరాలు గీత మీద నిలబడకుండా కిందికి జారుతున్నాయి. కేబిన్‌లో కూర్చుని రాస్తున్నావా? చూసుకో, పని వేళ ఉత్తరాలొద్దు. ఒకసారి ఫోన్ చేద్దామా అనిపించింది కూడా. కానీ మన ఒప్పందం నేనే పెట్టాను, నేనే తప్పితే ఏం బాగుంటుంది? ఏడాది పూర్తి చేద్దాం.

పిచ్చుక

డిసెంబరు 19

పిచ్చుకా,

ఆస్పత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. భయపడకు, బతికే ఉన్నాను. నిన్నటి నుంచి పెన్ను పట్టుకోగలుగుతున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపకు.

నవంబరు ఇరవై తొమ్మిది, పొద్దుటి షిఫ్టు. నిచ్చెన మీద నాలుగుసార్లు ఆగాను. మొదటి లారీకి రేకు చుట్ట దించుతున్నాను. చుట్ట దొర్లిపోకుండా దాని కింద చెక్క ముక్క పెట్టాలి. జానెడు ఎత్తులో నేను ఆపాలి, బాబాయ్ చెక్క పెట్టాలి, ఆ తర్వాత నేను పూర్తిగా దించాలి. తొమ్మిదేళ్లుగా మా పద్ధతి ఒకటే. ఆయన ఎడమ పిడికిలి బిగిస్తాడు, పైకి చూడకుండానే కుడి చెయ్యి లోపల పెట్టేస్తాడు. పైనావిడ ఆపుతుందని ఆయనకి తెలుసు.

పిడికిలి చూశాను. ఆపాలని తెలుసు. చెయ్యి కదల్లేదు. రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు కదల్లేదు.

ఆయన కుడి చేతికి బొటనవేలు తప్ప ఏమీ మిగల్లేదు.

నన్ను కేబిన్ నుంచి నలుగురు దించారట. నాకు ఆ నిచ్చెన దిగడం గుర్తు లేదు. ఒళ్లు చల్లబడిపోయి, పిలిస్తే పలకకుండా ఉన్నానట. ఇక్కడ డాక్టరమ్మ నా మెడ మీద కుట్ల గీత చూడగానే అడిగింది, "మాత్ర ఆపి ఎన్నాళ్లయింది?" అని. మూడు నెలలు దాటిందన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. "నీ మెడలో గ్రంథి లేదమ్మా. గడ్డతో పాటు మొత్తం తీసేశారు. నీకు ఆ మాత్రే గ్రంథి" అంది. ఆపరేషన్ కాగితం ఇంటి నుంచి తెప్పించి చూపించింది. ఆరేళ్లుగా పెట్టెలో ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఉన్నది నాకు చదవడం రాదు, నువ్వు అప్పటికి పిల్లవి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను పంపిన అంకెలు అబద్ధం. తొంభై అయిదు ఒక్కటే నిజం. సెప్టెంబరులో తొంభై ఎనిమిది. అక్టోబరులో నూట రెండు. ఇక్కడికి తెచ్చిన రోజు నూట అయిదు. నువ్వు గోడ మీద రాస్తున్నావని తెలిశాక పెరిగిన అంకె ఎలా పంపను?

అక్క

డిసెంబరు 27

అక్కా,

నాలుగు రోజుల నుంచి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను, చింపుతున్నాను. మొదట రాసినదాంట్లో ఒక పోలిక వచ్చింది. పోలిక వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

బావి అని రాసింది నేను. గింజలమ్మ ఆ మాట అనలేదు. ఆమె దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. "ఏ మాత్ర? ఎవరికి ఆపరేషన్? ఈ ముక్క ఆ రోజు అడిగావా?" అంది. అడగలేదు. మా అక్క అని చెప్పలేదు, మెడ అని చెప్పలేదు. నాకు కావలసిన జవాబు వచ్చేలా అడిగి, వచ్చాక రాసుకున్నాను. నీ ఆపరేషన్ కాగితం ఎక్కడుందని కూడా నిన్ను అడగలేదు. "గడ్డ పోయిందిగా" అని నాకు నేనే అనుకున్నాను.

చలి అన్నావు, దుప్పటి అన్నాను. నీకు గుర్తు రావడం లేదన్నావు, నేను కవిత్వం అన్నాను. ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే నీ గొంతు వినేదాన్ని. ఆ గొంతు వింటే నాలాంటి దానికి కూడా తెలిసేది. మాటలు నిలవాలని నేనే కదా ఫోన్ వద్దన్నది.

విచారణ ఉంటుందని మీ షెడ్డు సంగతి తెలిసినవాళ్లు ఒకరు చెప్పారు. నా ఉత్తరాలు వాళ్లకి ఇవ్వు. ఆగస్టు పన్నెండు నాటిది తప్పకుండా ఇవ్వు. నేనూ వస్తాను. బాబాయ్ కాళ్లు పట్టుకుంటాను.

రేపు బయలుదేరనా?

నీ చెల్లి

జనవరి 20

పిచ్చుకా,

టెలిగ్రాం ఇచ్చినట్టు "ఆగు" అని ఒక్క మాట పంపి ఊరుకున్నాను. అప్పుడు అంతకంటే చేత కాలేదు.

విచారణ అయింది. ఆ సన్నపాటి మనిషి అడిగాడు, నేను చెప్పాను. మాత్రలు నిర్లక్ష్యంగా మానేశానని, నీరసంగా ఉందని ఎవరికీ చెప్పకుండా నిచ్చెన ఎక్కానని. అది నిజమే. నెల రోజుల ముందే ఒకసారి చెయ్యి ఆలస్యమైంది. ఒట్టి హుక్కు కాబట్టి ఎవరికీ తగల్లేదు. దిగి చెప్పి ఉండాల్సింది. చెబితే ఆ రోజే కిందికి దించి ఒంటి పరీక్షకి పంపుతారు, అక్కడ త్రాసు ఉంటుంది. అందుకే చెప్పలేదు.

నీ ఉత్తరాలు ఇవ్వలేదు. నీ ప్రస్తావనే రానివ్వలేదు. దానికి నువ్వు కృతజ్ఞత చెప్పకు, నేను భరించలేను. నీ కోసం చేసింది కూడా కాదు. పందొమ్మిదేళ్ల పిల్ల ఉత్తరం చదివి మందు మానేశానని పదిమంది ముందు చెప్పుకోవడం నా వల్ల కాలేదు.

బాబాయ్ ఇదే ఆస్పత్రిలో కింది అంతస్తులో ఉన్నాడు. చక్రాల కుర్చీలో వెళ్లి చూశాను. ఆయన భార్య లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. బాబాయ్ నన్ను చూసి, "ముఖంలో వాపు తగ్గింది తల్లీ" అన్నాడు. అంతే. డాక్టర్ని అడగమని ఆ రోజు చెప్పాడు కదా, ఆ మాట ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. ఎత్తితే తిట్లు తిని నా గదికొచ్చేదాన్ని. ఎత్తకపోతే ఎలా రావాలో తెలియలేదు.

ఆయన కాళ్లు పట్టుకోవడానికి నువ్వు రాకు. ఆయన లేవమంటాడు. లేపడానికి ఆయనకి ఒక చెయ్యే ఉంది.

అక్క

ఫిబ్రవరి 11

అక్కా,

నువ్వు రావద్దన్నావు, రావడం లేదు.

గోడపత్రిక మీద నా వ్యాసం తీసేశాను. దాని చోట మరో కాగితం పెట్టాను. అందులో ఇవి మాత్రం రాశాను. గ్రంథి తీసేసినవాళ్లకి మాత్ర తిండి లాంటిది కాదు, ఊపిరి లాంటిది. ఎవరు చెప్పినా ఆపకూడదు, డాక్టరు చెబితే తప్ప. బరువు పెరుగుతుంటే మొదట రక్తం పరీక్ష. మా ఆరోగ్యశాస్త్రం టీచర్‌కి చూపించి, ఆవిడ సరే అన్నాకే అంటించాను. ఎవరూ ఆగి చదవడం లేదు. పాతదాని దగ్గర గుంపులు నిలబడేవి.

నోటుబుక్కు మూసేశాను. పరీక్షలకి చదువుతున్నాను. రసాయనశాస్త్రం కూడా.

నిన్ను ఏమని పలకరించాలో, కింద ఏమని సంతకం పెట్టాలో తెలియడం లేదు.

చెల్లి

మార్చి 30

పిచ్చుకా,

ఆ పేరుతోనే పిలుస్తాను. వేరే పేరు వెతకడానికి ఓపిక లేదు.

రక్తం పరీక్ష మళ్లీ చేశారు. మోతాదు కొంచెం పెంచారు. రెండేళ్ల కిందటే పెంచాల్సిందట. ఒక్క రోజు షిఫ్టు వదిలి వెళ్లి ఉంటే, రెండు చుక్కల రక్తం, ఒక చిన్న మార్పు, అంతేనట. డాక్టరమ్మ నన్ను తిట్టడానికి చెప్పలేదు, మామూలుగా చెప్పింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

శనివారం తూకం చూశాను. తొంభై మూడు. గింజలు లేవు, గళ్ల కాగితం లేదు. సామానంతా కట్టుకున్నా తొంభై ఎనిమిది. బెల్టు నన్ను మోస్తుంది. ఎక్కడానికి నిచ్చెన లేదు. గేటు దగ్గర బల్ల ఇచ్చారు. లారీ నంబరు రాసి చీటీ చింపి ఇవ్వడం. పైన ఇప్పుడు ఎవరో కొత్తమ్మాయి. సన్నగా ఉంటుంది. చుట్టలు నెమ్మదిగా దించుతుంది, నాకు చప్పుడుని బట్టి తెలుస్తుంది.

బాబాయ్ పనిలోకి రాలేదు. ఇక రాడు. వాళ్ల ఇంటికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి తలుపు తీశారు. రెండోసారి లోపల మాటలు వినపడ్డాయి, తలుపు తియ్యలేదు. మూడోసారి వెళ్లలేదు.

వేసవి సెలవులకి వస్తానని నువ్వు అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. రావద్దు. కోపం లేదు, ఉంటే బాగుండేది. నువ్వు వస్తే ఏడుస్తావు. ఏడిస్తే నేను నిన్ను దగ్గరికి తీసుకోవాలి, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. ఈసారి దగ్గరికి తీసుకోవడానికి నా చేతులు లేస్తాయో లేదో నాకు తెలియదు. లేవకపోతే అది నువ్వు చూడకూడదు.

ఉత్తరాలు మాత్రం ఆపకు. హాస్టల్లో ఏం వండారో రాయి. ఎవరితో పోట్లాడావో రాయి. పరీక్ష ఎలా రాశావో రాయి.

నేను ఏం చెయ్యాలో మాత్రం రాయకు.

అక్క